పనుంటేనే గుర్తొస్తానా?

వెనకాల షట్టర్ల చప్పుడు, ఆటోల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి. రెజిమెంటల్ బజార్‌లో పొద్దున ఎనిమిదింటికి నిశ్శబ్దం కావాలంటే దొరకదు. షాపు తెరిచేలోపు మాట్లాడేయాలి, సో డైరెక్ట్‌గా పాయింట్‌కి వచ్చేస్తా.

ఇవాళ్టి టాపిక్ కాలేజీ ఫ్రెండ్స్. ఇంకా కాలేజీలో ఉన్నవాళ్ళకి ఇది పెద్ద విషయంలా అనిపించదు, ఎందుకంటే రోజూ కనిపిస్తారు కదా. డిగ్రీ అయిపోయి రెండు మూడేళ్ళైన వాళ్ళకి మాత్రం నేనేం చెప్పబోతున్నానో అర్థమయ్యే ఉంటుంది. ఒకడు బెంగళూరు, ఒకడు దుబాయ్, ఒకామె పెళ్ళై వైజాగ్. గ్రూపు ఉంటుంది, గ్రూపులో అందరూ ఉంటారు, కానీ ఎవరితోనూ మాట్లాడినట్టే ఉండదు.

మన తెలుగువాళ్ళ దగ్గర ఒక డైలాగ్ ఉంది. చాన్నాళ్ళకి ఎవరైనా ఫోన్ చేసి ఏదైనా సాయం అడిగితే వెంటనే అనేస్తాం: "పనుంటేనే గుర్తొస్తానా?" అని. సరదాకే అంటాం, కానీ అవతలివాడికి చురుక్కుమంటుంది. మళ్ళీ పని పడినా ఫోన్ చేయడు. నా వాదన ఏంటంటే, దూరంగా ఉన్న ఫ్రెండ్స్ మధ్య బంధం నిలబడేది ఎక్కువగా ఆ పని వల్లే. పనుంటే ఫోన్ చేయండి. పనుందని ఫోన్ చేసినవాణ్ణి ఎత్తిపొడవకండి.

ఇది ఎక్కడో చదివి చెప్పడం లేదు. నేను 2014 బ్యాచ్ బీకామ్. మా గ్యాంగ్‌లో ఊరు వదలకుండా ఉండిపోయింది దాదాపు నేనొక్కణ్ణే. నాన్నకి ఇక్కడ బ్యాగుల షాపు ఉంది, సూట్‌కేసులు, ట్రావెల్ బ్యాగులు అమ్ముతాం, జిప్పులు, చక్రాలు రిపేర్ చేస్తాం. అది ఇప్పుడు నేను చూసుకుంటున్నా. ఒక్క విషయం ముందే చెప్తా, మా ఫ్రెండ్స్ పేర్లు ఈ వీడియోలో చెప్పను, వాళ్ళకి అంత ఇష్టం లేదు. ఊళ్ళ పేర్లతో పిలుస్తా. నా ఫోన్‌లో కూడా అలాగే సేవ్ అయి ఉన్నారు.

ముందు మా ఏరియా గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే దీనికీ దానికీ లింకుంది. రెజిమెంటల్ బజార్ అంటే సికింద్రాబాద్ స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరం. ఆల్ఫా హోటల్, రేతిఫైల్ బస్టాండ్, మోండా మార్కెట్, అన్నీ ఇక్కడిక్కడే. పేరులోనే ఉంది చూడండి, రెజిమెంట్ కోసం వెలిసిన బజారు. సికిందర్ జా నిజాంగా ఉన్నప్పుడు 1806లో ఈ ఊరికి ఆయన పేరు పెట్టారు. బ్రిటిష్ దండు ఇక్కడే ఉండేది, అందుకే పాతవాళ్ళు ఇప్పటికీ లష్కర్ అంటారు. రెజిమెంట్లు వచ్చాయి, పోయాయి. బజారు ఉండిపోయింది. అంటే 200 ఏళ్ళుగా ఇది ట్రాన్స్‌ఫర్ల ఊరన్నమాట.

ట్రాన్స్‌ఫర్ అంటే గుర్తొచ్చింది, మన ఉజ్జయిని మహంకాళి గుడి కథ మీలో ఎంతమందికి తెలుసు? సురిటి అప్పయ్య అని సైన్యంలో డోలీ మోసే మనిషి. 1813లో ఆయన్ని ఉజ్జయినికి పంపారు. అదే సమయంలో ఇక్కడ కలరా వచ్చింది, జనం పిట్టల్లా రాలిపోతున్నారు. వాట్సాప్ లేదు, ఫోన్ లేదు, రైలే లేదు. అంత దూరంలో ఉండి ఆయన చేయగలిగింది ఒక్కటే. తోటివాళ్ళతో కలిసి అక్కడి మహంకాళి దగ్గరికి వెళ్ళి, మా ఊరివాళ్ళు బతికితే నీ విగ్రహం తీసుకెళ్ళి మా ఊళ్ళో పెడతాం అని మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి మొక్కు తీర్చుకున్నాడు. గుడి చరిత్రగా తరతరాలుగా చెప్పుకునే మాట ఇది. భక్తి సంగతి ఎవరి ఇష్టం వాళ్ళది. నాకు నచ్చింది ఏంటంటే, దూరంగా ఉన్నవాడు "టేక్ కేర్" అని ఊరుకోలేదు. ఒక పని నెత్తిన వేసుకున్నాడు.

సరే, మన కథలోకి వద్దాం. మా గ్రూపులో 23 మంది. నేనే అడ్మిన్. గ్రూపు పరిస్థితి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పుట్టినరోజు వస్తే కేకు బొమ్మలు 22. పండగకి ఫార్వర్డులు. మధ్యలో ఎవరైనా కారు కొంటే ఫోటో, ఇల్లు కొంటే ఫోటో. తప్పని అనట్లేదు, మంచి జరిగితే ఎవరికి చెప్పుకుంటాం? కానీ గమనించండి, గ్రూపులో బాగున్నవాళ్ళే మాట్లాడతారు. బాలేనివాళ్ళు చదివి ఊరుకుంటారు.

వాట్సాప్ 2022లో ఒక మార్పు తెచ్చింది. అంతకుముందు ఎవరైనా గ్రూపులోంచి వెళ్ళిపోతే అందరికీ తెలిసేది. ఇప్పుడు అడ్మిన్‌కి మాత్రమే నోటిఫికేషన్ వస్తుంది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే, రాత్రి ఒంటిగంట దాటాక బెంగళూరు వాడు ఎగ్జిట్ అయి ఉన్నాడు. ఆ సాయంత్రమే మా పుణె వాడు గృహప్రవేశం ఫోటోలు పెట్టాడు, గ్రూపు మొత్తం చప్పట్ల బొమ్మలతో నిండిపోయింది. మిగతా 21 మందికీ వీడు వెళ్ళిపోయిన సంగతే తెలీదు. తెలిసింది నాకొక్కడికే.

ఇప్పుడు ఏం చేయాలి? "ఎందుకు ఎగ్జిట్ అయ్యావ్" అని అడిగితే వాడు సంజాయిషీ చెప్పుకోవాలి. "అంతా ఓకేనా" అంటే "ఆల్ గుడ్ రా" అంటాడు, అక్కడితో మాట అయిపోతుంది. మగపిల్లలం మనం అంతే కదా, ఓకే అనే మాటకి మించి బయటికి రాదు.

ఆ టైమ్‌కి నిజంగానే నాకో అవసరం ఉంది. షాపు జీఎస్టీ రిటర్న్. 3బీ అంటారు దాన్ని, ప్రతి నెలా 20వ తారీఖులోపు వేయాలి. మాకు చూసిపెట్టే ఆయన ఫీజు పెంచేశాడు, పైగా ఇన్‌వాయిస్‌లలో తేడాలు వస్తున్నాయి. బెంగళూరు వాడు అకౌంట్స్‌లో కింగ్, కాలేజీలో మా అందరికీ వాడే చెప్పి పాస్ చేయించాడు. ఫోన్ చేసి అన్నా: "అరే, లెక్కలు కలుస్తలేవ్‌రా, ఒక్కసారి చూసి పెట్టు." వాడు ఒక్క సెకను ఆగి, "పంపు, చూస్త" అన్నాడు.

అంతే. గ్రూపు మాటెత్తలేదు నేను, వాడూ ఎత్తలేదు. రెండ్రోజులకి వాడే ఫోన్ చేసి నన్ను తిట్టాడు, "ఇట్లెవడన్నా రాస్తాడారా బిల్లులు" అని. ఆ తిట్టు విన్నాక నాకు కొంచెం ఊపిరాడింది. తర్వాతి నెల 17, 18 తారీఖు కల్లా మళ్ళీ వాడి ఫోన్. పర్చేజ్ బిల్లులు పంపావా, ఫలానాది మిస్ అయింది, ఇలా. మూడో నెలలో, ఏదో చక్రాల సప్లయర్ బిల్లు గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, అదే గొంతుతో చెప్పాడు: "జాబ్ పోయిందిరా. నాలుగు నెలలైంది. ఇంట్ల ఇంకా చెప్పలే."

నేను ఏమీ అనలేదు, ఆ బిల్లు సంగతే ఇంకో నిమిషం మాట్లాడాం. తర్వాత గంటన్నర మాట్లాడాడు వాడు. రోజూ పొద్దున తయారై లాప్‌టాప్ బ్యాగు వేసుకుని బయటికి వెళ్తున్నాడట, పార్కులో కూర్చుని వస్తున్నాడట. అద్దె రెండు నెలలది బాకీ. ఇవన్నీ వాడు గ్రూపులో చెప్పేవాడా? చచ్చినా చెప్పడు. నేను ముందే సూటిగా అడిగినా చెప్పేవాడు కాదు. నెలకోసారి నన్ను తిట్టే హక్కు వాడికి దొరికింది, అందుకే చెప్పగలిగాడు. వాడు తీసుకునేవాడిగా లేడు, నాకిచ్చేవాడిగా ఉన్నాడు. ఆ తేడా చాలా పెద్దది.

తర్వాత ఇంకో రెండు నెలలకి జాబ్ దొరికింది, ముందుకంటే జీతం తక్కువే. అద్దె సంగతి మేం ముగ్గురం చూసుకున్నాం, ఆ వివరాలు వద్దు. గ్రూపులోకి వాడు ఇప్పటికీ తిరిగి రాలేదు, నేను యాడ్ చేయలేదు. మా రిటర్నులు మాత్రం ఇప్పటికీ వాడే వేస్తాడు. ఫీజు ఏడాదికో బ్యాక్‌ప్యాక్. ఇదంతా వాణ్ణి అడిగాకే చెప్తున్నా, "పేరు చెప్పకుంటే చెప్పుకో" అన్నాడు.

ఒక జాగ్రత్త. ఉత్తుత్తి పని కల్పించి చెప్పకండి. చిన్నపిల్లాడికి పని చెప్పినట్టు చెప్తే ఎవరైనా కనిపెట్టేస్తారు, ఇంకా బాధపడతారు. నిజంగా మీకు రానిది, వాళ్ళకి వచ్చినది అయ్యుండాలి. అలాంటివి లేవంటారా? రెజ్యూమె ఒకసారి చూడమనడం, తమ్ముడికి ఏ కోర్సు మంచిదో అడగడం, ఆ ఊళ్ళో అద్దెలు ఎలా ఉన్నాయో కనుక్కోమనడం. బోలెడుంటాయి. మొహమాటంతో అడగం, అంతే.

దీని మీద కొంచెం రీసెర్చ్ కూడా ఉంది, బోర్ కొట్టకుండా చెప్తా. రాబిన్ డన్‌బార్ అని ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్. మనిషి ఒక టైమ్‌లో నిజంగా నిలుపుకోగలిగే సంబంధాలు సుమారు 150 అని, అందులో బాగా దగ్గరివాళ్ళు 5 మంది, ఆ తర్వాతి వలయం కలుపుకుంటే 15 మంది అని ఆయన లెక్క. వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1024 మందిని పెట్టుకోవచ్చు. అది ఫోన్ కెపాసిటీ, మనది కాదు. ఆయనే శామ్ రాబర్ట్స్ అనే ఇంకో పరిశోధకుడితో కలిసి, స్కూలు ముగించి వేరే ఊళ్ళకి, వేరే కాలేజీలకి వెళ్ళే పిల్లల్ని 18 నెలలు ఫాలో అయ్యాడు. అమ్మాయిల స్నేహాలు మాట్లాడుకోవడం వల్ల నిలబడ్డాయి, అబ్బాయిలవి ఏదో ఒకటి కలిసి చేయడం వల్ల నిలబడ్డాయి. ఆట కావచ్చు, తిరగడం కావచ్చు. నా జీఎస్టీ రిటర్న్‌ని కూడా అందులో కలిపేసుకుంటున్నా, ప్రొఫెసర్ గారు ఏమనుకున్నా సరే.

ఇంకొకటి, అమెరికాలో 2022లో వచ్చిన స్టడీ. చాన్నాళ్ళుగా మాట్లాడని మనిషికి మనం మెసేజ్ పెడితే వాళ్ళు ఎంత సంతోషిస్తారో మనం తక్కువ అంచనా వేస్తామట. మనం అనుకున్నదానికంటే ఎక్కువే సంతోషిస్తారట. "ఇన్నాళ్ళకి చేస్తే ఏమనుకుంటాడో" అని డ్రాఫ్ట్ టైప్ చేసి డిలీట్ చేసే బ్యాచ్ ఉంటారు కదా, వాళ్ళకోసం చెప్తున్నా ఇది.

డల్లాస్ వాడి గురించి చెప్పకపోతే నాకు అన్నం సయించదు. ఒక జూన్‌లో నాన్న షాపు మెట్ల మీద జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్, తొమ్మిది రాత్రులు హాస్పిటల్లో. పగలు అమ్మ ఉండేది, రాత్రి నేను. ఆపరేషన్ రోజు రక్తం కావాలంటే మా వరంగల్ వాడు కాజీపేటలో రైలెక్కి వచ్చేశాడు, ఇచ్చి, ఒక ఫ్రూటీ తాగి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయాడు. వాడితో అంతకుముందు ఆరు నెలలుగా మాటల్లేవు, ఏ గొడవా లేదు, ఊరికే లేవంతే.

డల్లాస్ వాడు మెసేజ్ పెట్టాడు, "నేనేం చేయగలను మామా ఇక్కడి నుంచి" అని. సాధారణంగా మనం ఏమంటాం? "ఏం వద్దు రా, నువ్వు అడిగావు చాలు" అంటాం. నేను అలా అనలేదు. రాత్రి రెండింటికి నాన్నకి ఒక టాబ్లెట్ వేయాలి. అలారం పెట్టుకుంటే వార్డులో మిగతావాళ్ళు లేస్తారు, పెట్టుకోకపోతే నాకు మెలకువ రాదు. ఇక్కడ రాత్రి రెండంటే ఎండాకాలంలో వాడికి మధ్యాహ్నం మూడున్నర. "నువ్వు ఫోన్ చేసి లేపు, వైబ్రేషన్‌లో పెట్టుకుంటా" అన్నా. తొమ్మిది రాత్రుల్లో ఒక్కరోజు కూడా మిస్ చేయలేదు వాడు. ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా సరే రింగ్ ఇచ్చేవాడు. కాలేజీ రోజుల్లో బ్యాలెన్స్ ఉండేది కాదు కదా, మిస్డ్ కాల్ ఇస్తే "కిందికి రా" అని అర్థం. మళ్ళీ అదే మిస్డ్ కాల్, డల్లాస్ నుంచి. కొన్నిసార్లు నేను కారిడార్‌లోకి వచ్చి ఓ పావుగంట మాట్లాడేవాణ్ణి. ఆ టైమ్‌లో ఇక్కడ మెలకువగా ఉండి మాట్లాడేవాళ్ళు ఇంకెవరుంటారు చెప్పండి.

టైమ్ డిఫరెన్స్ వల్ల కుదరట్లేదు అని అందరూ అంటారు. కుదరదు, నిజమే. కానీ మన అర్ధరాత్రి మెలకువగా ఉండే మనిషి ఒకరు మనకున్నారు అని కూడా దానికి అర్థం.

దుబాయ్ వాడిది ఇంకో ప్రాబ్లమ్. అక్కడ చాన్నాళ్ళుగా వాట్సాప్ కాల్స్ పనిచేయవు, అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న యాప్‌లే వాడాలి. మాకు ఆ యాప్ పడలేదు. అందుకని వాడు వాయిస్ మెసేజ్‌లు పెడతాడు. రెండు మూడు నిమిషాలవి కాదు, పన్నెండు నిమిషాలు. రూమ్‌లో కూర వండుకుంటూ మాట్లాడతాడు, వెనకాల పోపు చిటపటలు వినిపిస్తాయి. నేను షాపులో జిప్పు కుడుతూ వింటా. వాడు కూరలో ఉప్పెక్కువైందంటే నేను గట్టిగా నవ్వేస్తా, కస్టమర్లు వింతగా చూస్తారు. ఫోన్ కంటే ఇదే బాగుందనిపిస్తుంది ఒక్కోసారి. మొదట్లో వాడికి సెలవు శుక్రవారం, మాకు ఆదివారం. 2022 జనవరి నుంచి అక్కడ ప్రభుత్వం శని, ఆదివారాలకి మార్చింది, వాడి కంపెనీ కూడా మారింది. అప్పట్నుంచి ఆదివారం పొద్దున వాయిస్ మెసేజ్ రాకపోతే నేనే అడుగుతా, "ఇవాళ కూర లేదా" అని.

ఇక అమ్మాయిల సంగతి. మా బ్యాచ్‌లో తొమ్మిది మంది అమ్మాయిలు. పెళ్ళిళ్ళయ్యాక ఐదుగురి నంబర్లు మారిపోయాయి. అబ్బాయిలకి అలా మారలేదు, ఇది గమనించండి. 2015 జూలై నుంచి దేశంలో ఏ రాష్ట్రానికి వెళ్ళినా పాత నంబరే ఉంచుకునే వీలుంది. అంటే నంబరు మారింది టెక్నాలజీ వల్ల కాదు. కొత్త ఇంట్లో కొత్త సిమ్ ఇస్తారు, పాత ఫ్రెండ్స్ ఫోన్ చేస్తే ఎవరు ఏమిటని అడుగుతారు, ఈ అమ్మాయి మెల్లగా తగ్గించేసుకుంటుంది. అమ్మాయిలూ, పెళ్ళి మాటల్లో వంద విషయాలు మాట్లాడుకుంటారు కదా, నా నంబరు ఇదే ఉంటుంది, నా ఫ్రెండ్స్ వీళ్ళు అని కూడా అప్పుడే చెప్పేయండి. పెళ్ళయ్యాక చెప్పడం కష్టం.

మా వైజాగ్ ఆమె కూడా అలాగే రెండేళ్ళు దొరకలేదు. వాళ్ళమ్మ మల్కాజ్‌గిరిలో ఉంటారు. ఒకరోజు ఆంటీ చక్రం ఊడిన సూట్‌కేసు పట్టుకుని మా షాపుకే వచ్చారు. "మీ అమ్మాయి ఎట్లుంది ఆంటీ" అంటే, "మీ అందరినీ తలుచుకుంటది బాబూ" అన్నారు. నంబరు నేను అడగలేదు, నాదే రాసిచ్చా. ఆ రాత్రే ఫోన్ వచ్చింది. ఇప్పుడు ఆంటీ ఒక్కరే ఉంటున్నారు, అంకుల్ లేరు. బీపీ మాత్రలు, బ్యాంకు పని, గీజర్ రిపేర్, ఇలాంటివి వైజాగ్ నుంచి ఆమె చెప్తుంది, ఇక్కడున్న మేమిద్దరం చూసుకుంటాం. మీ ఫ్రెండ్ వాళ్ళ అమ్మ నంబరు మీ దగ్గరుందా? లేకపోతే ఇవాళే తీసుకోండి. పిల్లల నంబర్లు మారతాయి, అమ్మల నంబర్లు మారవు.

అయితే ఒకటి. ఊరు వదలనివాళ్ళ తరఫున నేను కొంచెం గట్టిగానే మాట్లాడాలి. వెళ్ళినవాళ్ళకి మేం ఫ్రీగా దొరికే మనుషుల్లా కనిపిస్తాం. "నువ్వు అక్కడే ఉంటావ్‌గా, పార్సెల్ తీసుకో, సర్టిఫికెట్ తెచ్చి పెట్టు, మా చుట్టాల్ని స్టేషన్‌లో ఎక్కించు." ఒకడైతే మూడేళ్ళలో ఏడు పనులు చెప్పాడు, మా నాన్న పడ్డప్పుడు ఎలా ఉన్నారని ఒక్క ముక్క అడగలేదు. ఎనిమిదో పనికి కుదరదని చెప్పేశా. పని అటూ ఇటూ తిరగాలి. ఒకే దిక్కుకి పోతుంటే దాన్ని కొరియర్ సర్వీస్ అంటారు, దానికి ఛార్జీలుంటాయి.

చివరగా కలవడం గురించి. "ప్లాన్ చేద్దాం మామా" అనే మాటతో ఏ ప్లానూ జరగదు, గోవా సంగతి మీ అందరికీ తెలిసిందే. మాకు డేట్ డిస్కషన్ లేదు. ఆషాఢంలో లష్కర్ బోనాల ఆదివారం, మా ఇంట్లో భోజనం. క్యాలెండర్ చూసుకుంటే తెలిసిపోతుంది, ఎవరూ ఎవర్నీ అడగక్కర్లేదు. వచ్చినవాళ్ళు వస్తారు. ఒక ఏడాది పదకొండు మంది వచ్చారు, ఒక ఏడాది ఇద్దరే. బొల్లారం వాడు ముస్లిం, గుడికి రాడు, కానీ అమ్మ చేసే మటన్‌కి అందరికంటే ముందు వాడే వస్తాడు, ఖుబానీ కా మీఠా తెస్తాడు. ఊరేగింపు అయ్యాక రోడ్లన్నీ బ్లాక్, ఎవరూ వెంటనే వెళ్ళలేరు, అదే మాకు కావాల్సింది.

ఇంతకుముందు ఇంకో సుఖం ఉండేది. ఎవరు ఎక్కడికి వెళ్ళాలన్నా సికింద్రాబాద్ స్టేషన్ మీదుగానే కదా. రైలుకి గంట ముందొస్తే చాలు, నేను ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని వెళ్ళేవాణ్ణి, లేకపోతే వాళ్ళే షాపుకొచ్చి చాయ్ తాగి వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు స్టేషన్‌ని కొత్తగా కడుతున్నారు, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన అయింది. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ఓపెన్ అయ్యాక కొన్ని రైళ్ళు అటు మారాయి. మొన్న పుణె వాడు వాళ్ళ ఊరికి వెళ్తూ, "రైలు చర్లపల్లి నుంచి, ఈసారి కలవలేం మామా" అన్నాడు. వైజాగ్ ఆమెకి మాత్రం ఇబ్బంది లేదు, 2023 సంక్రాంతికి వందేభారత్ వచ్చింది కదా, పొద్దునెక్కితే అదే రోజు దిగుతుంది. ఆంటీకి చెప్పకుండా సర్‌ప్రైజ్‌గా వస్తోంది ఈసారి. స్టేషన్‌కి వెళ్ళి తీసుకొచ్చే పని నాది.

పుణె వాడికి చెప్పా, చర్లపల్లి అయితే ఏంటి, నీ సూట్‌కేసు హ్యాండిల్ ఊగుతోందని నువ్వే అన్నావ్ కదా, రైలుకి మూడు గంటల ముందు రా, నేను టూల్స్ పట్టుకుని అక్కడికే వస్తా అని. "అంత దూరం హ్యాండిల్ కోసం వస్తావా" అని నవ్వాడు. శుక్రవారం సాయంత్రం రైలు వాడిది, స్క్రూలు ఇప్పుడే తీసి పెట్టుకోవాలి.

సరే మరి, కస్టమర్ వచ్చారు, ఉంటా.